సిమ్యులేటర్లలో అసాధారణ వాహనాలు: రూపం, ప్రవర్తన, పరిమితులు

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- యాడ్-ఆన్ వాహనంలో ఉండే ప్రధాన భాగాలను వివరించగలుగుతారు.
- వాహనాన్ని బట్టి అందులో లెక్కించవలసిన బలాలు ఎలా మారతాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
- ఒక నమూనా ఇచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

విమానం నడిపే అనుభవాన్ని కంప్యూటర్ తెర మీద అనుకరించే ప్రోగ్రామును ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఎక్స్-ప్లేన్, ఫ్లైట్‌గేర్ వీటిలో ప్రసిద్ధమైనవి. ఫ్లైట్‌గేర్ ఉచితంగా లభిస్తుంది. దాని మూలసంకేతం కూడా అందరికీ అందుబాటులో ఉంది. కాబట్టి విద్యార్థులు దాని ఫైళ్లను తెరిచి చదవవచ్చు, మార్చి చూడవచ్చు.

సిమ్యులేటర్‌తో వచ్చే విమానాలకు అదనంగా, తరువాత చేర్చుకునే వాహనాన్ని యాడ్-ఆన్ అంటారు. ఇవన్నీ మామూలు విమానాలే కానక్కరలేదు. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో 2022 మే నెలలో 'టాప్ గన్: మావెరిక్' సినిమాలోని డార్క్‌స్టార్ విమానం, 2023 నవంబర్‌లో 'డ్యూన్' సినిమాలోని రెక్కలాడించే ఆర్నిథాప్టర్ చేరాయి. ఫ్లైట్‌గేర్‌లో వాయునౌకలు, హ్యాంగ్ గ్లైడర్, రన్‌వే మీద విమానాలకు దారి చూపే కారు కూడా ఉన్నాయి. ఇవి వినోదం కోసమే అనిపించవచ్చు. కాని ఒక నమూనా ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇటువంటి అసాధారణ వాహనాలే మంచి ఉదాహరణలు.

2. రూపం వేరు, ప్రవర్తన వేరు

ప్రతి యాడ్-ఆన్‌లోనూ ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. మొదటిది రూపం. అంటే త్రిమితీయ చిత్రం, రంగులు, శబ్దాలు. రెండవది ప్రవర్తన. అంటే వాహనం బరువు, ఇంజను శక్తి, గాలి నిరోధం, చక్రాల ఘర్షణ మొదలైనవాటిని తెలిపే అంకెలు, సూత్రాలు. మన కంటికి కనిపించేది మొదటిది. వాహనాన్ని కదిలించేది రెండవది.

ప్రవర్తనను లెక్కించడానికి వేర్వేరు పద్ధతులున్నాయి. జేఎస్‌బీసిమ్ అనే ప్రోగ్రాములో గాలి బలాల గుణకాలను పట్టికల రూపంలో ఇస్తారు. వైఏసిమ్‌లో రెక్కల కొలతలు, బరువు, వేగం ఇస్తే గుణకాలను ప్రోగ్రామే అంచనా వేస్తుంది. ఎక్స్-ప్లేన్ రెక్కను చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క మీద పనిచేసే బలాన్ని లెక్కకట్టి కలుపుతుంది.

ఫ్లైట్‌గేర్‌లో యూఎఫ్‌ఓ అనే వాహనం ఉంది. దానికి గాలి నిరోధం లేదు, బరువు ప్రభావం లేదు. ఎటు నడిపితే అటు పోతుంది. మనం పుష్పక విమానాన్ని ఎంత అందంగా చిత్రించినా, ఈ ప్రవర్తనను జతచేస్తే అది కూడా ఇలాగే పోతుంది. దీనికి భిన్నంగా, 1903 డిసెంబర్ 17న ఎగిరిన రైట్ సోదరుల విమానం నమూనాను నడపడం చాలా కష్టం. అది నమూనాలోని లోపం కాదు. అసలు విమానానికే స్థిరత్వం తక్కువ. తేలికగా నడిచే నమూనా మంచిదని, కష్టపెట్టే నమూనా చెడ్డదని అనుకోకూడదు.

3. వాహనం మారితే లెక్క మారుతుంది

వాయునౌక: ఇది ముఖ్యంగా రెక్కల వల్ల కాక ఉత్ప్లవన బలం వల్ల తేలుతుంది. సముద్రమట్టం వద్ద ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. అంతే పరిమాణం గల హీలియం బరువు 0.2 కిలోల లోపే. అంటే ఘనమీటరుకు సుమారు ఒక కిలో ఎత్తగలుగుతుంది. జెప్పెలిన్ ఎన్‌టీ పరిమాణం సుమారు 8,200 ఘనమీటర్లు కనుక, వాయునౌక సొంత బరువుతో కలిపి అది మోయగలిగేది ఎనిమిది టన్నులకు పైగా ఉంటుంది.

కారు: సిమ్యులేటర్‌కు కారు కూడా ఒక విమానమే. కాకపోతే దానికి రెక్కలుండవు. నేలను తాకే బిందువులు, వాటి స్ప్రింగు బలం, ఘర్షణ గుణకం ఇస్తే సరిపోతుంది.

హోవర్‌క్రాఫ్ట్: దీనిలో బరువును గాలి దిండు మోస్తుంది. 4,000 కిలోల వాహనం కింద 40 చదరపు మీటర్ల దిండు ఉందనుకుందాం. చదరపు మీటరుకు 100 కిలోల భారం పడుతుంది. అంటే పీడనం సుమారు 980 పాస్కల్‌లు. 60 కిలోల మనిషి రెండు పాదాల వైశాల్యం 0.03 చదరపు మీటర్లనుకుంటే, అతడు నేల మీద కలిగించే పీడనం సుమారు 19,600 పాస్కల్‌లు. అంటే ఇరవై రెట్లు. మనిషి మోకాలి లోతు దిగబడే బురద మీద హోవర్‌క్రాఫ్ట్ జారిపోవడానికి కారణమిదే. అయితే నేలతో పట్టు లేనందువల్ల అది మలుపులో పక్కకు జారుతుంది, ఈదురుగాలికి కొట్టుకుపోతుంది. నమూనాలో ఈ రెండూ కనిపించకపోతే ఘర్షణ విలువ తప్పుగా ఇచ్చారని గ్రహించాలి.

4. గోదావరి పాయల మీద ఒక పరిశీలన

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న కోనసీమలో లంక గ్రామాల వారికి వరద రోజుల్లో రాకపోకలు పెద్ద సమస్య. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చింది. అటువంటప్పుడు హోవర్‌క్రాఫ్ట్ గాని, నీటి మీద దిగే విమానం గాని ఉపయోగపడుతుందా? ఇది సహజంగా వచ్చే ప్రశ్న. మన రాష్ట్రంలోనే 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపారు. అది ట్విన్ ఓటర్ విమానం. ఈ రకం విమానాల నమూనాలు సిమ్యులేటర్లలో లభిస్తున్నాయి.

మీరు రాజమహేంద్రవరం విమానాశ్రయం నుంచి ట్విన్ ఓటర్ నమూనాలో బయలుదేరి, రాజోలు దగ్గర వసిష్ఠ మీద దిగారనుకుందాం. తెర మీద దిగడం సులభంగానే జరగవచ్చు. అయితే సిమ్యులేటర్‌లో నది సాధారణంగా ఒకే మట్టంలో ఉండే కదలని నీటి పలక. అందులో ప్రవాహం ఉండదు, కొట్టుకొచ్చే దుంగలుండవు, అడ్డుగా ఉండే వలలుండవు.

ప్రవాహం లేకపోతే ఎంత తేడా వస్తుందో చూడండి. 600 మీటర్ల వెడల్పు గల పాయను సెకనుకు 5 మీటర్ల వేగంతో, ముక్కు నేరుగా ఆవలి ఒడ్డు వైపు పెట్టి దాటడానికి 120 సెకన్లు పడుతుంది. నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో పారుతుంటే, ఈలోగా పడవ 240 మీటర్లు దిగువకు పోతుంది. అందుకే పడవ నడిపేవారు రేవుకు ఎదురుగా కాక, కొంత ఎగువకు ముక్కు పెట్టి బయలుదేరుతారు. వారికి అనుభవం వల్ల తెలిసిన ఈ విషయం మన నమూనాలో లేదు. ప్రవాహాన్ని అంకెగా చేర్చేవరకు అది ప్రతిసారీ సరిగ్గా ఎదుటి రేవుకే చేరుస్తుంది.

మరొక సంగతి. గాలి లేని ఉదయం నీరు అద్దంలా ఉన్నప్పుడు, నీటికి ఎంత ఎత్తులో ఉన్నదీ సీప్లేన్ పైలట్లు కంటితో అంచనా వేయలేరు. ఈ ప్రమాదాన్ని చూపడానికి నీటి చిత్రణ కూడా సరిగా ఉండాలి. అంటే కొన్ని సందర్భాలలో రూపం కూడా భద్రతకు సంబంధించిన అంశమే.

కాబట్టి తెర మీద సీప్లేన్ దిగింది గనుక లంకకు సహాయం చేరుతుందని నిర్ణయించడం పొరపాటు. నమూనాలో లేని అంశం ఫలితంలోనూ ఉండదు. మరి సిమ్యులేటర్ దేనికి ఉపయోగం? ఏయే కొలతలు తీసుకోవాలో అది చూపుతుంది. ప్రవాహ వేగం, ఒడ్డు వాలు, గాలి దిశ, అడ్డంకులు అన్న జాబితా ఆ ప్రయత్నం నుంచే తయారవుతుంది. ఆ కొలతలు మాత్రం నది దగ్గరే తీసుకోవాలి.

5. సారాంశం

యాడ్-ఆన్‌లో రూపం, ప్రవర్తన అనే రెండు భాగాలుంటాయి. వాహనాన్ని బట్టి ఉత్ప్లవనం, ఘర్షణ, గాలి దిండు పీడనం వంటి వేర్వేరు బలాలను లెక్కించాలి. నమూనా ఫలితాన్ని నమ్మే ముందు అందులో ఏయే అంశాలు వదిలివేశారో తెలుసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. యూఎఫ్‌ఓ, రైట్ సోదరుల విమానం నమూనాల ప్రవర్తనలోని భేదాన్ని వివరించండి.
2. 900 మీటర్ల పాయను సెకనుకు 3 మీటర్ల వేగంతో దాటే పడవ, ప్రవాహం సెకనుకు 1.5 మీటర్లయితే, ఎంత దిగువకు పోతుంది? (జవాబు: 450 మీటర్లు)
3. మీ ఊరి రేవులో నడిచే పంటుకు నమూనా తయారుచేయాలంటే ఏయే కొలతలు కావాలి? రేవులో పనిచేసేవారిని అడిగి జాబితా రాయండి.