తేటనీరెల్ల మంచినీరు గాదు

పిడుగురాళ్ళకు చేరువనున్న గుత్తికొండ బిలములోనికి దీపము చేతబట్టి దిగినవానికి, ఇరుకుదారుల కడపట, సున్నపురాతి కడుపులో నిశ్చలమై నిలిచిన జలము కానవచ్చును. భక్తులు దానిని పవిత్రతీర్థముగా భావింతురు. భూగర్భశాస్త్రము తెలిసినవాడు అదే నీటిని చూచి, వానజలము యుగయుగములుగా ఆ రాతిని కరగించుచు పగుళ్ళను సందులుగను, సందులను సొరంగములుగను మార్చుకొన్నదని గ్రహించును. మాచర్ల, గురజాల ప్రాంతములలో ఇండ్లకు పఱచు నాపరాయియు, పిడుగురాళ్ళ బట్టీలలో కాలి సున్నమగు రాయియు ఆ జాతివే. అట్టి నేలలో మరుగుదొడ్డి గుంటలోని మురుగు మట్టిపొరలలో నిదానముగా ఇంకి వడకట్టబడునను ధైర్యము పనికిరాదు. రాతి చీలిక దొరకిన చోట అది సూటిగా బోరుబావి దారి పట్టవచ్చును.

ఈ ఊళ్ళున్న పల్నాటికి నీటి కరవు క్రొత్తది గాదు. శ్రీనాథునివని చెప్పుకొను చాటువులలో సైతము ఈ సీమ దాహము వినవచ్చును. దొరకిన బురదనీటిని తేర్చుటకు మన పెద్దలు ఇండుపగింజను అరగదీసి కలుపుచుండిరి. సంస్కృతమున కతకమనబడునది అదియే. బురద అడుగునకు దిగి నీరు తేటపడుటను కంటితో చూచిన జనులు, తేటదనమే మంచినీటికి లక్షణమని నమ్ముటలో ఆశ్చర్యము లేదు. కాని పల్నాటి నీటిలో పొంచియుండు కీడులు రెండును కంటికి కనబడనివే. ఒకటి రాతినుండి వచ్చును, ఏండ్ల తరబడి మెల్లగా పనిచేయును. రెండవది మానవుని మలమునుండి వచ్చును, ఒక్క రాత్రిలో ఇల్లు కూల్చును.

మొదటిది ఫ్లోరైడు. బొల్లాపల్లి, వినుకొండ, వెల్దుర్తి ప్రాంతముల బోరునీటిలో ఇది అధికముగా కనబడుచు వచ్చినది. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని లోకమునకు వెల్లడించినది వినుకొండకు దక్షిణమున, నాటి నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించియే. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడును ఏండ్ల తరబడి త్రాగినచో, తొలుత బిడ్డల దంతములపై గారలు తేలును. మోతాదు మిక్కిలి హెచ్చినచో కాలక్రమమున వెన్నెముక బిగుసుకొని, మోకాళ్ళు వంకరపోయి, నడివయసులోనే మనిషి ముడుచుకొనిపోవును. ఈ నీటికి దుర్గంధము లేదు, వికారమైన రుచి లేదు. కాచినను ప్రయోజనము లేదు. కాగినకొలది నీరు ఆవిరియై ఫ్లోరైడు మఱింత చిక్కబడును. క్రిములను చంపు ఉపాయమే ఇచట అపాయమునకు తోడ్పడునన్న సంగతి ప్రతి ఇల్లాలికిని తెలియవలసియున్నది.

ఈ కీడునుండి పల్నాటిని చాలవఱకు తప్పించినది కృష్ణమ్మ. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలినప్పుడు, అందఱును పైరుపంటలను గూర్చియే తలంచిరి. కాని కుడికాలువ తెచ్చినది సాగునీరు మాత్రమే కాదు. ఫ్లోరైడు తక్కువైన ఏటినీరు. కాలువ కట్టివేసినపుడు ఎండాకాలము గడచుటకై ఊరూర మంచినీటి చెరువులు త్రవ్వి, ప్రక్కనే ఫిల్టరు బెడ్లు కట్టిరి. కాలువ అందని మెట్టపల్లెలు నేటికిని ఎదురుచూచుచునే యున్నవి. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి ప్రాంతములకై తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగినది.

రెండవ కీడైన రోగక్రిములను అడ్డుకొను ఈ ఫిల్టరు బెడ్డు చూచుటకు ఇసుక నింపిన తొట్టివలె సామాన్యముగా నుండును గాని, దాని పనితనము విచారించినకొలది విస్మయము కలుగును. మనిషి నడుమెత్తు ఇసుకలోనుండి నీరు గంటకు జానెడు మించక దిగును. కొన్ని దినములకు ఇసుక పైభాగమున జిగురైన పలుచని పాచిపొర యేర్పడును. మనకు ఏవగింపు కలిగించు ఆ పొరలోనే అసంఖ్యాకములైన సూక్ష్మజీవులు కాపురముండి, నీటితో వచ్చు రోగక్రిములను ఆహారముగా గ్రహించును. లండనులో 1829లో జేమ్స్ సింప్సను అను ఇంజనీరు నెలకొల్పిన పద్ధతి ఇదియే. విద్యుత్తుగాని, మందులుగాని దీనికి అంతగా అక్కఱలేదు, ఓర్పు మాత్రము కావలెను. పొర దట్టమై నీరు దిగనపుడు పైయిసుకను వ్రేలెడు మందమున గీకి, కడిగి, మరల చేర్చవలెను. ఆ గీకుడు తప్పిన చోట, తొందరపడి చెరువునీటిని నేరుగా ట్యాంకునకు తోడిన చోట, కోట్ల వ్యయముతో కట్టిన పథకమంతయు అలంకారమై మిగులును. పారచేత బట్టి ఇసుక గీకు ఆ పనివాడే ఊరికి తొలి వైద్యుడని నా నిశ్చితాభిప్రాయము. ఆయన జీతము నెలనెల అందుట ప్రజారోగ్యములో భాగమే.

అంతటితో కథ ముగియదు. శుద్ధిచేసిన నీరు ట్యాంకెక్కి, గొట్టములలో దిగి, వీధి చివరి ఇంటికి చేరు లోపల మార్గమధ్యమున మురుగుకాలువను దాటవలెను. దినమునకు ఒక గంట మాత్రమే నీరు వదలు ఊళ్ళలో, తక్కిన గంటలన్నియు గొట్టములు ఖాళీగా నుండి, అతుకులలోని బీటలనుండి చుట్టునున్న మురుగును లోనికి పీల్చుకొనును. మఱునాటి ఉదయము తొలి బిందెలో వచ్చునది అదియే. 2018లో గుంటూరులోను, 2024లో పిడుగురాళ్ళ, దాచేపల్లిలలోను అతిసారము ప్రబలి జనులు ఆసుపత్రుల పాలైరి. చక్కెరయు ఉప్పును తగుపాళ్ళలో కలిపిన నీరు త్రాగించి, 1971లో బనగాఁవు శరణార్థి శిబిరమున దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు అసంఖ్యాకుల ప్రాణములు నిలిపెను. అట్టి మిశ్రమమే యైన ఓఆర్‌ఎస్ పొట్లము ప్రతి ఇంటనుండవలసినదే. కాని రోగము వచ్చిన పిదప చేయు చికిత్స, గొట్టము అతుకు వేయుటకు బదులు కానేరదు.

ఇపుడు నరసరావుపేట మొదలుకొని మారుమూల పల్లె వఱకు టిన్నునీళ్ళ బండి తిరుగుచున్నది. ఫ్లోరైడున్న చోట అది మేలే చేసినది. అయితే కొనగలిగినవాడు కొనుక్కొని కుళాయిని గూర్చి అడుగుట మానినందున, ఆ కుళాయియే దిక్కైన కూలివాడలు ఒంటరివైనవి. నాకిది మిక్కిలి బాధ కలిగించు పరిణామము. ప్రపంచమున సురక్షితమైన నీరు ఇంట అందనివారు 220 కోట్లని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2022వ సంవత్సరమునకు లెక్క కట్టినవి. ఆ లెక్కలో మన కూలివాడలును ఉన్నవని మఱువరాదు.

పాఠకులకు నా మనవి యొక్కటే. మీ ఊరి గ్రామసభకు ఈసారి తప్పక పోయి రెండు ప్రశ్నలడుగుడు: ఫిల్టరు బెడ్డు ఇసుకను కడపట ఎన్నడు గీకితిరి? వీధి చివరి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనను మిగిలియున్నదా? సమాధానము రానిచో, మఱుసటి సభలో మరల అడుగుడు.