జబ్బలపై గరుకు చర్మము – తల్లులు తెలిసికొనవలసిన సంగతులు

ఉత్తరమున కావలి మొదలు దక్షిణమున పులికాటు సరస్సు వరకు నెల్లూరు తీరమునందలి ఏ పల్లె బడికి పోయి చూచినను, పొట్టిచేతుల చొక్కాలు తొడిగిన పిల్లలలో కొందరి జబ్బల వెనుకభాగము గరుకుగా నుండుట కానవచ్చును. ఈ జబ్బలనే కొన్ని యూళ్ళలో రెట్టలందురు. చేతితో నిమిరినచో ఆకురాయిని తాకినట్లుండును. దగ్గరగా చూచినచో ఆవగింజకంటె చిన్నవైన బొడిపెలు, వెంట్రుక కుదురునకు ఒక్కొక్కటి చొప్పున లేచియుండును. చలిగాలి సోకి రోమములు నిక్కినప్పుడు చర్మ మెట్లుండునో అట్లే యుండును. అయితే రోమాంచము క్షణములో అణగిపోవును, ఇది అణగదు.

పైకి ఒకే తీరుగా అగపడినను, ఇందు రెండు వేరువేరు సంగతు లున్నవి. ఒకటి పుట్టుకతో వచ్చు చర్మస్వభావము. దానివలన ఏ హానియు లేదు. రెండవది తినుచున్న తిండిలోని కొరతకు గుర్తు. కొందరు పిల్లల విషయమున కంటిచూపునకు కలుగబోవు ముప్పునకు ముందుగా వచ్చిన సూచన. మన పల్లెలలో జరుగుచున్న దేమనగా, మొదటిదానిని పోగొట్టుటకు చేతిలోని డబ్బంతయు మందుల కొట్టులో పోయుచున్నారు. రెండవదానిని మురికి యని తలచి ఊరకున్నారు. ఈ రెంటిని గుర్తించుట తల్లులకు కష్టమైన పని కాదు.

మొదటిదానికి వైద్యులు పెట్టిన పేరు కెరటోసిస్ పైలారిస్. మన చర్మపు పైపొర కెరటిన్ అను గట్టి పదార్థముతో ఏర్పడినది. గోళ్ళును, వెంట్రుకలును దానితో చేయబడినవే. పాతపొర పొట్టువలె రాలిపోవుచు, క్రొత్తపొర దాని స్థానమున వచ్చుచుండును. కొందరిలో ఈ పొట్టు రాలక, వెంట్రుక బయటికి వచ్చు రంధ్రమున బిరడావలె బిగిసికొనును. అదియే మన చేతికి తగులు బొడిపె. కొన్నిచోట్ల దానిలోపల సన్నని వెంట్రుక చుట్టచుట్టుకొని యుండుటయు కలదు. ఇది జబ్బల వెలుపలివైపునను, తొడల ముందుభాగమునను, కొందరు పిల్లలకు బుగ్గలమీదను వచ్చును. తల్లికో తండ్రికో ఉన్నచో బిడ్డకు వచ్చుట సామాన్యము. బాల్యమున మొదలై, యుక్తవయస్సున హెచ్చి, ముప్పదియేండ్లు దాటిన పిమ్మట చాలమందికి తనంతట తగ్గును. యుక్తవయస్కులలో సగమునకు పైగా మందికి ఇది ఎంతో కొంత యుండునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. అంత సామాన్యమైన దానిని వ్యాధి యనుట కంటె, కొందరి జుట్టు ఉంగరములు తిరిగి యుండుట వంటి దనుటయే సబబు. ఇది అంటుకొనదు. ఒకే తువ్వాలు వాడినను, ఒకే చాపపై పరుండినను ఒకరినుండి యొకరికి రాదు.

దీనివలన కలుగు అసలు కష్టము చర్మమునకు కాక మనస్సునకు కలుగుచున్నది. పెండ్లియీడు వచ్చిన ఆడపిల్ల మోచేతులవరకు రవిక చేతులు కుట్టించుకొని, ఎండకాలమున సైతము జబ్బలు దాచుకొనుట మనము చూచుచునే యున్నాము. చూపులకు వచ్చినవారు ఏమందురో యని తల్లి దిగులుపడును. ఇక పెద్దవారి వైద్యము రుద్దుటయే. తీరమున ఒక పల్లెలో ఒక అవ్వ మనుమరాలిని నూతిగట్టుకడ కూర్చుండబెట్టి కొబ్బరిపీచుతో జబ్బలు ఎర్రబడునట్లు తోముచు, “ఏందిమే, గట్టిగా రుద్దుకోకపోతే మురికెట్టా పోద్ది?” అనుట ఈ రచయిత విన్నాడు. అవ్వకు మనుమరాలిపై గల ప్రేమను శంకింప నక్కరలేదు. కాని అది మురికి కాదు. పీచుతోను, ఇటుకముక్కతోను, గరుకు సున్నిపిండితోను రుద్దినకొలది చర్మము ఒరిసి, ఎర్రబడి, మరింత ఎండి, తన్ను తాను కాపాడుకొనుటకై ఇంకను దళసరి యగును. గోళ్ళతో గిల్లినచో నల్లని మచ్చలు మిగులును. ఆ మచ్చలు పోవుటకు బొడిపెలకంటె ఎక్కువకాలము పట్టును.

చర్మము ఎండిపోయినకొలది ఈ గరుకు హెచ్చునని గుర్తుంచుకొన్నచో చికిత్స యంతయు సులభముగా బోధపడును. సముద్రపుగాలి తేమగా నుండు మన ప్రాంతమున ఇది తక్కువగా నుండవలసినదే. కాని ఇతర కారణములు దానికి అడ్డుతగులుచున్నవి. తీరగ్రామములలో అనేక బావుల నీరు ఉప్పన. ఆ నీటిలో సబ్బు నురుగు రాదు. రాలేదని మరింత సబ్బు రుద్దుదురు. ఒంటిమీది సహజమైన జిడ్డు కాస్తయు పోవును. ఉప్పు కొఠార్లలోను, రొయ్యల గుంటలలోను పనిచేయువారి చేతులపై ఉప్పునీరు ఆరి పొరగట్టును. ఎండకాలమున పడమటిగాలి వీచు దినములలో చర్మము మరింత బీటవారును.

కనుక చేయవలసిన దిది. స్నానమునకు గోరువెచ్చని నీరు చాలును, మరుగునీరు వలదు. ఉప్పునీటి ఊళ్ళలో కడపటి రెండుచెంబులైనను మంచినీరు పోసికొనుట మేలు. మెత్తని సబ్బు కొద్దిగా చాలును. జబ్బలపై అరచేతితో తప్ప వేరొకదానితో రుద్దరాదు. సున్నిపిండి వాడు అలవాటున్నవారు దానిని జల్లెడపట్టి, నీటితో పలుచగా కలిపి పూసి కడుగవచ్చును. స్నానమైన పిమ్మట తువ్వాలుతో అద్ది, ఇంకను తడి ఉండగనే, అనగా రెండుమూడు నిమిషములలోపల, కొబ్బరినూనె గాని వాసెలిన్ గాని పలుచగా రాయవలెను. అదను తప్పినచో ఫలము సగమగును. చర్మములోని నీరు ఆవిరైపోకుండ పైన మూతవేయుటయే నూనె చేయు పని. నీరు పోయిన తరువాత మూతవేసి లాభమేమి? పండుగనాడు మాత్రము తలంటిపోసికొని తక్కినదినములు ఊరకుండుటకంటె, దినదినమును కొంచెముగా రాసికొనుట మంచిది.

ఇంతటితో తగ్గనివారికి నూటికి పది మొదలు ఇరువది పాళ్ళ యూరియా గల మలాములు, లాక్టిక్ ఆమ్లము గాని సాలిసిలిక్ ఆమ్లము గాని కలిపిన మలాములు ఉన్నవి. ఇవి బిగిసిన పొట్టును మెత్తపరచి వదలించును. యూరియా యనగనే రైతుసోదరులకు పొలమునకు చల్లు బస్తా జ్ఞప్తికి వచ్చుట సహజము. పదార్థ మొకటే యైనను, ఎరువుగా అమ్మునది మందుగా తయారైనది కాదు. దానిని నూనెలో కలిపి రాసికొనిన చర్మము మండును. మలాము రాయ మొదలిడిన నాలుగైదు వారములకు గాని మార్పు కనబడదు. మానివేసినచో గరుకు మరల వచ్చును. ఇది మందు పనిచేయకపోవుట కాదు. చర్మస్వభావము మారదు గనుక సంరక్షణయు మానరాదు, అంతే. గర్భిణీస్త్రీలు వైద్యుని అడుగక ఏ మలామును వాడరాదు. అందును రెటినాయిక్ ఆమ్లము గల మలాములను బొత్తిగా తాకరాదు.

ఒక హెచ్చరిక ఇచ్చట తప్పనిసరి. మందుల కొట్టులలో తామరకు, గజ్జికి, తెల్లబడుటకు అన్నిటికి నొకటే యని ఇచ్చు గొట్టపు మలాములలో అనేకమున స్టీరాయిడ్ అను మందు కలిసి యుండును. రాసిన నాలుగుదినములకు ఎర్రదనము తగ్గినట్లుండును. నెలల తరబడి రాసినచో చర్మము ఉల్లిపొరవలె పలుచనై, చారలు పడును. 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి స్టీరాయిడ్ మలాములలో అనేకమును వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన చేసినది. చీటీ లేకుండ ఇచ్చినను తీసికొనకుండుట మనచేతిలోని పని.

ఇక రెండవ సంగతి. దీనిని వైద్యులు ఫ్రైనోడెర్మా అందురు. గ్రీకుభాషలో ఫ్రైనోస్ అనగా గోదురుకప్ప, డెర్మా అనగా చర్మము. 1933లో నికొల్స్ అను వైద్యుడు ఈ పేరు పెట్టెను. పేరునకు తగినట్లే ఇందలి బొడిపెలు పెద్దవి, గట్టివి, నడుమ ముల్లువంటి మొన గలవి. జబ్బలపై కంటె ముందుగా మోచేతులపైనను, మోకాళ్ళపైనను, పిరుదులపైనను గుంపులుగా వచ్చును. అయిదు మొదలు పదునైదేండ్ల పిల్లలలో ఎక్కువ. చుట్టునున్న చర్మముకూడ పొడిగా, కాంతిహీనముగా నుండును.

దీని చరిత్ర మన దక్షిణదేశముతో పెనవేసికొని యున్నది. 1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు ఒక చిన్న శాఖను నెలకొల్పెను. అది పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. ఆ సంస్థ కూనూరున నుండగనే, దక్షిణదేశపు బడిపిల్లలను పరీక్షించిన వైద్యులు ఈ కప్పచర్మమును విరివిగా చూచిరి. మొదట దీనికి విటమిన్ ఎ లోపమే కారణమని యెంచిరి. కాని ఆ విటమిన్ నొక్కదానినే ఇచ్చినప్పుడు అందరికిని గుణము కనబడలేదు. తరువాత ఆ సంస్థకు సంచాలకులైన డాక్టర్ సి. గోపాలన్ 1947లోనే దీని మూలమును పరిశీలించి వ్యాసము ప్రకటించిరి. నూనెగింజలలో నుండు అత్యవసరమగు కొవ్వు ఆమ్లములు, బి-వర్గపు విటమినులు, విటమిన్ ఎ – వీనిలో ఒకటి గాని, కొన్ని గాని కొరతపడుటవలన ఇది కలుగునని క్రమముగా తేలినది. క్లుప్తముగా చెప్పవలెనన్న, నూనె, ఆకుకూర, పప్పు లేని వట్టి తెల్లన్నము తిను బిడ్డ చర్మమిది. ఆనాటితో పోల్చినచో ఇప్పుడు ఎంతో తగ్గినది. కాని పూర్తిగా పోలేదు.

ఇట్టి బొడిపెలు మోచేతులపై కనబడిన బిడ్డను సందెవేళ గమనింపవలెను. దీపము పెట్టకముందు మసకచీకటిలో గడప తట్టుకొనుచున్నదా? కంచములోని ముద్దకై తడవుకొనుచున్నదా? తోడిపిల్లలు ఆడుచుండగా తానొక్కతె తల్లికొంగు పట్టుకొని నిలుచుచున్నదా? అది రేచీకటి. కంటి తెల్లగ్రుడ్డుపై నల్లగ్రుడ్డు ప్రక్కన సబ్బునురుగు వంటి మచ్చ కనబడినచో అదియు విటమిన్ ఎ లోపమునకు గుర్తే. ఇక నొక్కదినమైనను ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవలెను. ఆలస్యమైనచో నల్లగ్రుడ్డు కరగి చూపు శాశ్వతముగా పోవచ్చును. ఇట్లు చూపు కోల్పోవు పిల్లలను రక్షించుటకే 1970లో మన దేశమున విటమిన్ ఎ ద్రావకమును త్రాగించు కార్యక్రమము మొదలిడిరి. తొమ్మిదవ నెలలో లక్ష యూనిట్లు, పిదప అయిదేండ్లు నిండువరకు ఆరునెలల కొకసారి రెండులక్షల యూనిట్లు ఇత్తురు. బిడ్డ టీకాల పుస్తకమును తెరచి, ఏ విడతయైనను తప్పినదేమో ఆశా కార్యకర్త నడిగి తెలిసికొనుడు. అధిక మోతాదు విషమువంటిది గనుక స్వయముగా కొని త్రాగించుట కూడదు. గర్భిణులు ఈ పెద్ద మోతాదును త్రాగరాదు, కడుపులోని శిశువునకు హాని కలుగును.

తిండి విషయమున మన తీరమునకు కొదువ ఏమున్నది? చేపలు సముద్రమున, రొయ్యలు గుంటలలో, ప్రసిద్ధికెక్కిన మొలగొలుకుల బియ్యము పొలములలో! అయినను మంచి చేపయు రొయ్యయు లారీ యెక్కి పోవుచున్నవి. పట్టినవాని యింట పిల్లలు పులుసుతో అన్నము కలుపుకొనుచున్నారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున విదేశములనుండి కాడ్ చేప నూనె రాక తగ్గగా, నాటి మద్రాసు ప్రభుత్వము కోళికోడులో సొరచేప కాలేయమునుండి విటమిన్ ఎ గల నూనెను తీయించెను. ఆనాడు మన జిల్లాయు ఆ రాష్ట్రములోనిదే. చేప కండలో కంటె కాలేయముననే ఈ విటమిన్ అధికమని దీనివలన గ్రహింపవచ్చును.

అంత దూరము పోనక్కరలేదు. పెరటి మునగాకు, తోటకూర, పొన్నగంటికూర, పండిన గుమ్మడి, బొప్పాయి, మామిడిపండు – వీనిలోని పసుపుపచ్చని పదార్థము ఒంటిలో విటమిన్ ఎ గా మారును. అయితే కూరలో నూనెచుక్క లేనిచో అది ఒంటికి పట్టదు. ఆకుకూరను నీటితో ఉడికించి పెట్టుట పొదుపు కాదు. నువ్వులనూనె గాని వేరుసెనగనూనె గాని ఒక చెంచా తిరుగబోత వేసినచో, అందు అత్యవసరమగు కొవ్వు ఆమ్లములును లభించును. ఒంటికి రాయుటకు మంచిదైన కొబ్బరినూనెలో ఇవి స్వల్పము; కనుక రాయుటకు కొబ్బరినూనె, తినుటకు నువ్వులనూనె యని గుర్తుంచుకొనవచ్చును. బి-విటమినుల కొరకు పప్పు, ముడిబియ్యము గాని ఉప్పుడు బియ్యము గాని, అంగన్‌వాడీలో ఇచ్చు కోడిగ్రుడ్డు ఉండనే యున్నవి. ఆ గ్రుడ్డును ఇంటికి తెచ్చి పెద్దవారికి కూరలో వేయు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. ఇది మానవలెను. తిండి మారిన రెండుమూడు నెలలకు మోచేతులు నునుపెక్కుట తల్లులే చూడగలరు.

గరుకుతోపాటు రాత్రులందు దురద హెచ్చి, వ్రేళ్ళసందులలో పొక్కులున్నచో అది గజ్జి. ఇంటిల్లిపాదికి ఒకేమారు మందు రాయవలసి యుండును. చర్మముపై పాలిపోయిన మచ్చ ఏర్పడి, అచ్చట గిల్లినను స్పర్శ తెలియనిచో కుష్ఠు ఏమో పరీక్షింపవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో దానికి మందు ఉచితము, పూర్తిగా నయమగును. జబ్బలపై గరుకున్న పిల్లను చూచి కుష్ఠని గుసగుసలాడు ఇరుగుపొరుగువారు ఈ స్పర్శ సంగతిని తెలిసికొనుట మంచిది.

వైద్యునికి చూపునప్పుడు ఒక్క జబ్బను మాత్రము చూపి వచ్చివేయరాదు. చొక్కా విప్పించి మోచేతులు, మోకాళ్ళు, కన్నులు చూపవలెను. బిడ్డ నిన్న ఏమి తిన్నదో, ఇంటిలో ఇంకెవరికి ఇట్టి చర్మమున్నదో, ఇదివరకు ఏ మలాము రాసితిరో చెప్పవలెను. ఖాళీ గొట్టమున్నచో వెంట తీసికొనిపోవలెను.