పగ అను మాట

కోపమునకు సంబంధించిన మాటలు తెలుగున పెక్కు కలవు. అలుక, కినుక, ఆగ్రహము, ఈసు, కసి, కక్ష, పగ అనునవి వానిలో కొన్ని. ఇవి యొక కుదుటనే మొలచినట్లు కనబడినను వీని యర్థములు వేరు. చిన్నబిడ్డ తల్లిపై అలుగును; తాయిలము చేతబెట్టగనే ఆ యలుక తీరును. మాట పడినవానికి కోపము వచ్చును. ఒకటి రెండు పూటలలో అది దిగిపోవును. ఇతరుల కలిమిని చూచి యోర్వలేకుండుట ఈసు. పగ వీనివంటిది కాదు. కీడు చేసినవాడు దానిని మరచినను, పడినవాడు మరువక యేండ్ల తరబడి మనసున దాచుకొను విరోధమే పగ.

ఇది అచ్చతెలుగు మాట. తమిళమున 'పగై', మలయాళమున 'పక', కన్నడమున 'హగె' దీని తోబుట్టువులు. ప్రాచీన కన్నడమున మాట మొదటనున్న పకారము పిమ్మట హకారమైనది. అందుచేతనే తెలుగువారి పాలు కన్నడమున హాలు, పులి హులి. శత్రువునకు పగవాడు, పగతుడు అను పేర్లు ఈ మాట నుండియే కలిగినవి. దీని బహువచనము 'పగలు'. దినమును తెలుపు 'పగలు' వేరు మాట. సందర్భమును బట్టి వానిని గుర్తింపవలెను.

ఒక మాట యే క్రియలతో కూడునో చూచినచో దాని స్వభావము తేటపడును. కోపము 'వచ్చును'. పగ దానంతట రాదు, దానిని 'పట్టుదురు'. పట్టినవాడు విడువనూ వచ్చును. మరియు పగను 'తీర్చుకొందురు'. అప్పు తీర్చుట, దప్పిక తీర్చుట అనునప్పుడు వాడు క్రియయే ఇదియు. ఎదుటివాడు తనకు బాకీపడినాడని పగబట్టినవాని తలంపు. కాని అప్పు తీరినచో పత్రము చినిగిపోవును. పగ తీరినచో ఆ బాకీ ఎదుటివాని పద్దున కెక్కును.

మహాభారతమున ద్రోణద్రుపదుల కథ ఇందుకు నిదర్శనము. వారిరువురు బాల్యమిత్రులు. ద్రుపదుడు పాంచాలరాజైన పిదప, బీదవాడై వచ్చిన ద్రోణుని చూచి, రాజునకును పేదకును స్నేహమేమని యవమానించెను. ద్రోణుడు దానిని మరువలేదు. కురుకుమారులకు విద్య నేర్పి, గురుదక్షిణగా ద్రుపదుని బంధించి తెమ్మనెను. అర్జునుడు పట్టి తెచ్చెను. ద్రోణుడు సగము రాజ్యము తాను గైకొని, తక్కిన సగము తిరిగి యిచ్చి, ఇక మనము సమానులము, మిత్రులము అనెను. ద్రోణుని లెక్క తీరెను. ద్రుపదుని లెక్క మొదలయ్యెను. అతడు యజ్ఞము చేసి, ద్రోణుని చంపగల ధృష్టద్యుమ్నుని కుమారునిగా పడసెను. కురుక్షేత్రమున ధృష్టద్యుమ్నుడు ద్రోణుని తల నరికెను. ద్రోణుని కొడుకు అశ్వత్థామ రాత్రివేళ శిబిరమున జొచ్చి ధృష్టద్యుమ్నుని చంపెను. అంతటితో నాగక, ద్రౌపది కొడుకు లైదుగురను వధించెను. ఆ బాలురు ఎన్నడును ద్రోణుని అవమానించినవారు కారు.

పాము పగబట్టునని లోకమున నొక నమ్మకము కలదు. అది నిజము కాదు. పాము తనకు ఆపద తోచినప్పుడు కరచునే కాని, మనుష్యుని గుర్తుంచుకొని వెదకి వచ్చి కరవదు. కీడును ఏండ్ల తరబడి లెక్కపెట్టుకొనుట మనుజుని పనియే.

అయితే అన్యాయమును మరువకుండుట యంతయు పగ కాదు. పోయిన పొలమునకై న్యాయస్థానమున కెక్కినవాడు తన హక్కును కోరుచున్నాడు. తీర్పు వచ్చి పొలము చేతికందిన పిదపను, ఎదుటివాని పంట యెండిపోవలెనని కోరువాడు పగబట్టినవాడు. మొదటివానికి కావలసినది దొరకిననాడు నెమ్మది కలుగును. రెండవవానికి పంట నిజముగా ఎండిన యేటను నెమ్మది లేదు; మరుసటి యేడు వాన కురియునేమో యని వాని దిగులు.