విషమునకు విలాసము

2021 సెప్టెంబరులో గుజరాతునందలి ముంద్రా ఓడరేవులో సుమారు 3,000 కిలోల హెరాయిను పట్టుబడినది. ఆఫ్ఘనిస్థానము నుండి టాల్కు పొడి యను పేర వచ్చిన ఆ సరుకునకు కాగితములలో వ్రాసిన విలాసము విజయవాడ, సత్యనారాయణపురము. బెజవాడ ఉలిక్కిపడినది.

ఆ విషము నగరమునకు చేరలేదు. చేరుచున్నది వేరొకటి కలదు, అది గంజాయి. తూర్పు కనుమల మన్యములో చాటుగా పండి, రైళ్లలో, లారీలలో ఇతర రాష్ట్రములకు తరలుచు, అది విజయవాడ దారిలో పలుమార్లు పట్టుబడినది. పట్టుబడని పొట్లములు విద్యార్థులను వెదకుకొనుచున్నవి.

తొలి దమ్ము సరదా, పిదప అలవాటు, ఆపై అవసరము. ఈ మత్తు జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను దెబ్బతీయును. అనగా విద్యార్థికి గల మూలధనమునే హరించును. కొందరికి మతిభ్రమణమును సైతము కలిగించును.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము మత్తు వాడుటను నేరముగా నెంచినది. కాని స్వచ్ఛందముగా చికిత్స కోరి, దానిని పూర్తిచేసికొను వ్యసనపరునికి 64-ఎ సెక్షను విచారణనుండి రక్షణ కల్పించినది. చట్టమే ఇంత దయ చూపునపుడు బడి చూపవలదా? చదువు సన్నగిల్లి, స్నేహములు హఠాత్తుగా మారిన బాలుని ఉపాధ్యాయుడు దండింపక, చేరదీసి అడుగవలెను. 14446 నంబరునకు ఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును. దాచిన రోగము ముదురును. చెప్పుకొన్న రోగము కుదురును.