భూమి కంపించినప్పుడు: పిట్టగోడ నేర్పే పాఠము



2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ములుగు ప్రాంతములో భూమి కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాదు, విజయవాడ వరకు ఆ కదలిక తెలిసింది. "మన వైపు కూడా భూకంపాలా?" అని అనేకులు కలవరపడ్డారు. ఇది క్రొత్త సంగతి కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపము వచ్చింది. గోదావరి లోయ పొడవునా, ప్రాచీన కాలములో భూమి చీలి క్రుంగిన పగుళ్లు ఉన్నాయి. సింగరేణి బొగ్గు దొరికేది ఆ లోయలోనే. పగుళ్ల వద్ద ఒత్తిడి పెరిగి రాతిపొరలు ఒక్కసారిగా జారితే నేల కదులుతుంది. అది ఏ దినమున, ఏ గడియలో జరుగుతుందో ముందుగా చెప్పగల శాస్త్రజ్ఞుడు లేడు.

ప్రియులారా, మన బైబిలు కూడా భూకంపాల దేశములో పుట్టినదే. యొర్దాను లోయ, మృతసముద్రము భూమిలోని గొప్ప చీలిక మీద ఉన్నాయి. ఆమోసు తన గ్రంథము మొదటి వచనములోనే, ఉజ్జియా దినములలో వచ్చిన భూకంపమును గుర్తుగా పెట్టి తన కాలమును తెలియజేశాడు.

అయితే భూకంపము రాగానే మన నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "వారు ఏ పాపము చేశారో!" లూకా 13వ అధ్యాయము చూడండి. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయారు. వారు మిగతావారికంటే ఎక్కువ అపరాధులు కారని ప్రభువే సెలవిచ్చారు. చనిపోయినవారిని తూచడము మాని, మీరు మారుమనస్సు పొందండని హెచ్చరించారు.

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతములో తెల్లవారకముందే భూమి కంపించింది. సుమారు పదివేల మంది మరణించారు. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు నిద్రిస్తున్నవారి మీద కూలాయి. వారిని చంపినది ముఖ్యముగా ఆ గోడలే.

ఇక్కడ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము మనతో మాట్లాడుతుంది. క్రొత్త యిల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. లేనియెడల ఎవరైనా పడి చనిపోతే ఆ దోషము ఆ యింటి మీదికి వస్తుంది. ఇల్లు కట్టే విధానము కూడా పొరుగువాని ప్రేమించుటలో భాగమే!

"దేవుడు కాపాడతాడు గదా, ఇంత ఖర్చు ఎందుకు?" అంటారా? దేవాలయ శిఖరము మీదనుండి దూకమని సాతాను అన్నప్పుడు, యేసుప్రభువు దేవుని శోధించలేదు. జాగ్రత్త అవిశ్వాసము కాదు.

గనుక ఇల్లు గాని, అద్దెకిచ్చే గది గాని, మందిరము గాని కట్టేటప్పుడు ఇంజనీరు సలహా తీసుకోండి. ఇటుక గోడలైతే పునాది మీద, కిటికీల పైన నాలుగు గోడలను చుట్టి కలిపే కాంక్రీటు పట్టీలు వేయించండి. బరువైన బీరువాలను గోడకు బిగించండి. మందిరపు తలుపులకు అడ్డముగా బల్లలు పెట్టకండి. నేల కదిలినప్పుడు లిఫ్టు ఎక్కవద్దు, మెట్ల మీద పరుగెత్తవద్దు. గట్టి బల్ల క్రింద కూర్చొని తల కాపాడుకోండి. బయట ఉంటే గోడలకు, కరెంటు స్తంభాలకు దూరముగా ఉండండి.

భూమి కదలకుండా ఆపడము మన చేతిలో లేదు. మన గోడ పొరుగువాని మీద కూలకుండా కట్టడము మన చేతిలో ఉంది. మీరు కట్టించిన ఇంటిలో ఈ రాత్రి ఎవరు నిద్రిస్తున్నారు? ఒక్కసారి తలంచుకోండి.

కదలని రాజ్యమును మనకు అనుగ్రహించిన దేవుడు మిమ్మును, మీ గృహములను దీవించును గాక. ఆమేన్.