దంతవైద్య విద్యాప్రవేశము: చదువును గూర్చి, వ్యాపకములను గూర్చి కొన్ని అపోహలు

గోదావరికి దక్షిణతీరమున, కాగితపు మిల్లును ఆశ్రయించి పెరిగిన సారపాకలో, బైపీసీ చదువుచు దంతవైద్యులు కాగోరు పిల్లలును, వారి తల్లిదండ్రులును పరస్పర విరుద్ధములైన అపోహల నడుమ నలుగుచుండగా, వానిని గూర్చి మౌనము వహించుట నాకు న్యాయముగా తోచదు.

ఆటలపోటీలలోను, సేవాశిబిరములలోను గడించిన ధ్రువపత్రములు బీడీఎస్ సీటును సులభము చేయుననునది మొదటి అపోహ. అమెరికాలోని బంధువుల మాటలవలన ఇది పుట్టియుండవచ్చును. అచ్చటి దంతకళాశాలలు డ్యాట్ పరీక్షాఫలితముతోబాటు, దంతవైద్యుల చెంతనుండి పనిని పరిశీలించిన అనుభవమును, సేవాకార్యములను, సిఫారసు లేఖలను సైతము పరిగణించును. మనకా పద్ధతి లేదు. 720 మార్కుల నీట్ ప్రవేశపరీక్షలో (అందు సగము, అనగా 360, జీవశాస్త్రమునకే) వచ్చిన ర్యాంకును, రిజర్వేషన్లను అనుసరించి, వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము సీట్లను కేటాయించును. ఎన్.సి.సి. వారికి కొద్దిపాటి కోటా కలదు గాని, దానికిని నీట్ అర్హత తప్పదు.

అట్లయిన ఆటపాటలు, నిద్ర సమస్తమును త్యజించి పుస్తకమునకే అంటిపెట్టుకొనవలెనను రెండవ అపోహ మరింత హానికరము. నేర్చినది నిద్రలోనే జ్ఞాపకమున స్థిరపడును. తప్పు సమాధానమునకు ఒక మార్కు కోతపడు పరీక్షలో, అలసిన మనస్సు తెలిసిన ప్రశ్నకే తప్పు గుర్తించి నష్టపోవును. పైగా బీడీఎస్ మొదటి సంవత్సరమున విద్యార్థి మైనపుదిమ్మెలపై దంతముల ఆకృతులను చెక్కవలసియుండును. చిత్రలేఖనమో, కుట్టుపనియో, వెదురుబుట్టల అల్లికయో ఎరిగిన చేతికి ఆ నేర్పు అక్కడ అక్కరకు వచ్చునని నా దృఢవిశ్వాసము. ప్రతిదినము ఒక గంట ఆటకును, వారమున ఒక పూట ఇష్టమైన వ్యాపకమునకును విడిచి, పరీక్షకు ముందరి రెండు మాసములు మాత్రము పోటీలను, దూరప్రయాణములను మానుకొనిన చాలును.

నీట్ ఉండగా ఇంటర్ మార్కులతో పనియేమని కొందరందురు. భౌతిక, రసాయన, జీవశాస్త్రములలో కలిపి జనరల్ వర్గమువారికి 50 శాతము, రిజర్వేషను గలవారికి 40 శాతము రానిదే ప్రవేశార్హత లేదు.

ప్రణాళికను వ్రాసి గోడకంటించినంతనే సమయము వశమగుననుటయు ఈ ప్రాంతమున చెల్లదు. 2022 జూలై 16న భద్రాచలముకడ గోదావరి 71.3 అడుగులకు పొంగి, వంతెనపై రాకపోకలు నిలిచిపోగా, మరునాడే నీట్ పరీక్ష! ఆ దినములలో వరదబాధితులకు అన్నపుపొట్లములు మోసిన విద్యార్థి ఎవడైనను కాలము వృథాచేసెనని నేననజాలను. కాని పునశ్చరణను చివరివారమునకు మిగిల్చినవానికి అట్టి సేవకు తీరికయెక్కడిది? కావున పరీక్షకు కొన్నివారములకు పూర్వమే పునశ్చరణను ముగించుకొనుట క్షేమము.

ఇక ఆంగ్లమాధ్యమము కానివారు నీట్ వ్రాయలేరని భయపడి, సాయంకాలములన్నియు ఇంగ్లీషు ట్యూషనులకు ధారపోయువారు కలరు. నీట్ ప్రశ్నపత్రము తెలుగులోను లభించును; దానియందు ప్రశ్నలు ఆంగ్లమునను ఉండును. దరఖాస్తు నింపునపుడే తెలుగును ఎంచుకొనవలెను.