చెమటతో పోయేది నీరొక్కటే కాదు

రోహిణీ కార్తె ఎండలో మా కలువాయి ప్రాంతపు నిమ్మతోటలో పాదులు త్రవ్విన కూలీ నొకనిని సాయంత్రం నా వద్దకు తీసుకువచ్చారు. పిక్కలు పట్టేశాయి, మాట తడబడుతోంది. “పొద్దుటినుంచి కడవెడు నీళ్లు తాగాడయ్యా!” అన్నాడు అతని అన్న. వాతప్రకోపమని తైలమర్దనంతో సరిపెట్టక వెంటనే ఆత్మకూరుకు పంపాను. రక్తపరీక్షలో సోడియం బాగా తగ్గినట్లు తేలింది.

చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది. వట్టి నీరే అతిగా త్రాగితే రక్తంలో సోడియం పలుచబడి, నీరు మెదడు కణాలలో చేరి అవి ఉబ్బుతాయి. తలనొప్పి, వాంతి, మతిభ్రమ, చివరకు మూర్ఛ కలుగుతాయి.

పొటాషియం, మెగ్నీషియం విరేచనాల వల్లనూ, రక్తపోటుకు వాడే కొన్ని మూత్రకారక మాత్రల వల్లనూ తగ్గుతాయి. అప్పుడు కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది. విరేచనౌషధం మోతాదు మించరాదని గురుకులంలో మా గురువుగారు పదేపదే హెచ్చరించినందుకు అర్థం నాకిక్కడ తెలిసింది.

కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా త్రాగించండి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి కూడా హితకరం. కొబ్బరినీటిలో పొటాషియం అధికం, సోడియం స్వల్పం. కనుక మూత్రపిండాల జబ్బు గలవారు వైద్యుని సలహా లేనిదే త్రాగరాదు. రక్తపోటు, గుండెజబ్బు గలవారు ఉప్పు విషయంలోనూ అట్లే అడిగి నడుచుకోవాలి.

మాట తడబడినా, గుండె దడదడలాడినా, మగత కమ్మినా చిట్కాలతో కాలయాపన చేయకండి. మగతగా ఉన్నవారి నోట ఏమీ పోయక ఆసుపత్రికి చేర్చండి. ఏ గృహవైద్యమూ చేయలేని పని అక్కడ జరుగుతుంది.